గరుడుని మూపు

బిట్రగుంట కొండపై వెలసిన శ్రీ ప్రసన్న వేంకటేశ్వరస్వామివారు గరుడవాహనారూఢులై వేంచేయునపుడు భక్తుల చూపు స్వామివారి దివ్యమంగళ విగ్రహముపై నిలుచును; పిదప గరుత్మంతునిపై వ్రాలును. ఆ వాహనమునకు భుజమిచ్చి నడచువారిని గమనించువారు అరుదు. గరుడసేవలోని పరమార్థము ఆ భుజములయందే యున్నది.

శ్రీవైష్ణవులు గరుడుని 'పెరియ తిరువడి' యని కొనియాడుదురు. తల్లియైన వినతకు దాస్యవిముక్తి కలిగించుటకై అమృతమును తెచ్చిన ఆ మహాబలుడు, చేతనున్న అమృతమును చుక్కయైనను రుచి చూడలేదు. అందులకు మెచ్చి శ్రీమన్నారాయణుడు వరములిచ్చి, తనకు వాహనము కమ్మని కోరెను.

లోకమున వేటపక్షులు సాధారణముగ ఏకాకులు. అయినను శీతకాలమున మధ్య ఆసియా గడ్డిమైదానముల నుండి నంద్యాల జిల్లా రోళ్ళపాడునకు వచ్చు పిల్లిగద్దలు పగలు వేర్వేరుగ వేటాడినను, సంధ్యవేళకు ఒక్కచోట గుంపుగా గడ్డిలో దిగి విశ్రమించును.

అమెరికా ఎడారులలోని హ్యారిస్ డేగల తీరు ఇంకను విచిత్రము. ఇవి కుటుంబములుగ కలసి వేటాడును. ఒకటి పొదలో దూరి కుందేలును వెడలగొట్టగా తక్కినవి కాచియుండి పట్టును. దొరికినదానిని అన్నియు పంచుకొని తినును. న్యూమెక్సికోలో ఈ సామూహిక వేటను పరిశీలించిన జేమ్స్ బెడ్నార్జ్ 1988లో తన పరిశోధనను ప్రకటించెను. గూటిలోని పిల్లలకు తల్లిదండ్రులే గాక తోడి డేగలును ఆహారము తెచ్చును. ముండ్లతో నిండిన బ్రహ్మజెముడు జాతి చెట్టు కొనపై ఒక డేగ వ్రాలియుండగా, మరియొకటి దాని వీపుపై నిలుచును. ఒక్కొక్కమారు దానిపై మూడవదియు నిలుచును. క్రిందిది వానిని మోయుచు నిలబడును.

ఈ పక్షులకు భక్తి తెలియదు. జలము, నీడ కరవైన చోట కలసి బ్రతుకుటయే వానికి తెలిసినది. అన్నియు ఉన్న మన యిండ్లలో మాత్రము ఆస్తితోపాటు కన్నతల్లిని గూడ నెలకొకరి వంతున పంచుకొను అన్నదమ్ములు కలరు. వంతు ముగియు దినమును లెక్కించు కుమారుడు, తల్లికై స్వర్గమునకు ఎగిరిన గరుడునికి ఏ మొగముతో మ్రొక్కును?

గరుడసేవను దర్శించి కొండ దిగువారు ఒక్క సంకల్పముతో ఇల్లు చేరుదురుగాక. ఇంట మంచముపైనున్న వృద్ధమాతను లేవదీయుటకు మూపు వంచిననాడు, గరుడుని సేవలో ఒక పాలు వారిదగును.