ఏటా ఒక చిన్న అంగీ

వాక్యభాగం: 1 సమూయేలు 2:18–21
ధ్యాన వచనం: 1 సమూయేలు 2:19

కుట్లు అల్లికల మాట వస్తే సంఘంలో అందరికీ ముందు గుర్తొచ్చేది దొర్కా. ఈ రోజు ఆమెను కాసేపు పక్కన ఉంచి హన్నా దగ్గరికి వెళ్దాం. హన్నా అనగానే మనం మొదటి అధ్యాయంలోని కన్నీళ్ల దగ్గర, మొక్కుబడి దగ్గర ఆగిపోతాం. రెండో అధ్యాయంలో ఆమె చేసిన చేతిపని ఒకటుంది. ప్రసంగాల్లో దాని ఊసు తక్కువ. ఏటా కొడుక్కి ఒక చిన్న అంగీ తయారుచేసి, బలి అర్పించడానికి భర్తతో కలిసి వెళ్లినప్పుడు తీసుకెళ్లి ఇచ్చేది.

ఈ వచనం చదివినప్పుడల్లా నాకు వచ్చే సందేహం కొలత గురించే. పిల్లవాడు ఉండేది షిలోహులో, ఏలీ దగ్గర. అమ్మ ఉండేది రామాలో. ఎదిగే వయసు పిల్లలు ఏడాదిలో ఎంత సాగుతారో తల్లులకు చెప్పక్కర్లేదు. పోయినసారి తొడిగినప్పుడు చేతులు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తుంచుకోవాలి. ఈసారి ఎంత వదలాలో ఊహించాలి. తర్వాత పుట్టిన ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఇంట్లో ఉన్నారని 21వ వచనం చెబుతోంది. వాళ్లలో ఒకణ్ణి నిలబెట్టి అన్న కొలత అంచనా వేసిందేమో, లేఖనం చెప్పలేదు. అంతమంది పిల్లల మధ్య ఏడాదికో అంగీ పూర్తిచేసిందంటే ఆ పని మీద ఆమెకు ఇష్టం కూడా ఉండే ఉంటుంది.

హన్నా చేతిలో మన అల్లిక సూదులు లేవు. రెండు సూదులతో అల్లడం చాలా శతాబ్దాల తర్వాత వచ్చిన విద్య. ఈనాటికి మిగిలిన పాత అల్లికల్లో బాగా పాతవి ఈజిప్టులో దొరికిన మధ్యయుగాల నాటి నూలు మేజోళ్లు. ఆమెది వడికి, నేసి, కుట్టే కాలం. కానీ ఆమెకు వచ్చిన ఇబ్బందే ఇప్పుడు మన ఇళ్లలో ఎంతోమంది అమ్మమ్మలకు, నానమ్మలకు వస్తోంది. మనవడు డల్లాస్‌లోనో చికాగోలోనో ఉంటాడు. వీడియో కాల్‌లో ముఖం కనిపిస్తుంది కానీ భుజాల వెడల్పు తెలియదు. కాకినాడ ఉక్కపోతలో ఫ్యాను కింద కూర్చుని, ఒళ్లో ఊలు పెట్టుకుని ఆమె అల్లుతుంది. పార్శిల్ చేరాక కూతురు ఫోన్ చేస్తుంది: "స్వెటర్ చాలా బాగుందమ్మా. కాకపోతే వాడి తల పట్టట్లేదు."

అల్లేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. పసిపిల్లల ఒంటితో పోలిస్తే తల పెద్దది. పైగా మెడ దగ్గర కుట్లు దించి ముగించేటప్పుడు, ఊడిపోకూడదని చెయ్యి దానంతటదే బిగుస్తుంది. ఒంటి భాగమంతా మెత్తగా సాగుతుంది, మెడ అంచు మాత్రం తాడులా నిలబడిపోతుంది. విరుగుడు చిన్నదే. ఆ ఆఖరి వరసకు మాత్రం లావు సూది తీసుకుని వదులుగా దించాలి. అమ్మమ్మ ప్రేమలో లోపం లేదు. ప్రేమకు ఆ ఒక్క చిట్కా తెలియలేదు, అంతే.

నా మట్టుకు నేను హన్నా దగ్గర నేర్చుకుంటున్నది ఇదే. మనసు మంచిదైతే చాలు, పని ఎలా ఉన్నా దేవుడు చూసుకుంటాడని మనవాళ్లలో ఒక మాట నలుగుతూ ఉంటుంది. నేను ఆ మాట ఒప్పుకోను. అంగీ పిల్లవాడికి పట్టాలి. పట్టకపోతే షిలోహు రాత్రుల్లో చలికి వణికేది సమూయేలే గానీ మన సదుద్దేశం కాదు. ప్రేమించేవాళ్లు కొలత నేర్చుకోవాలి, పని నేర్చుకోవాలి. అలా నేర్చుకోవడం ప్రేమలో భాగమే.

నిర్గమకాండం 31వ అధ్యాయంలో దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపాడు. అతడు ప్రవక్త కాదు, రాజు కాదు. బంగారం, వెండి, రాయి, చెక్క పనుల్లో నేర్పరి. 35వ అధ్యాయంలో నూలు వడికిన స్త్రీలున్నారు, మేకవెంట్రుకలు వడికినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల చేతి నేర్పును లేఖనం జ్ఞానంగా లెక్కించింది. ఆ జ్ఞానం కూడా సాధన చేస్తేనే పదునెక్కుతుంది.

అల్లికలో సాధన మొదలయ్యేది నమూనా ముక్కతో. చాలామంది దాటేసేది కూడా దాన్నే. స్వెటర్ మొదలుపెట్టే ఆత్రంలో జానెడు ముక్క అల్లి కొలిచి విప్పేయడం దండగ అనిపిస్తుంది. లెక్క చూడండి. మామూలు డబుల్ నిట్టింగ్ ఊలును 8వ నంబరు సూదుల మీద, అంటే 4 మిల్లీమీటర్ల సూదుల మీద సాదాగా అల్లితే, 10 సెంటీమీటర్ల వెడల్పులో సుమారు 22 కుట్లు వస్తాయి. కొందరి చెయ్యి బిగువు. వాళ్లకు 24 పడతాయి. తేడా రెండు కుట్లే కదా అనుకుంటాం. ముందు భాగానికి 66, వెనక భాగానికి 66 కుట్లు ఎక్కించారనుకుందాం. మొదటి చేతిలో ఛాతీ చుట్టుకొలత 60 సెంటీమీటర్లు వస్తుంది. రెండో చేతిలో అదే స్వెటర్ 55 దగ్గర ఆగిపోతుంది. ఒక్కో కుట్టులో కంటికి కనిపించని బిగువు, మొత్తం మీద ఒక వయసు తేడా తెచ్చిపెడుతుంది. చెయ్యి మార్చుకోవడం కష్టం, సూది మార్చుకోవడం తేలిక. 7వ నంబరు తీసుకుంటే సరి. (మన దుకాణాల్లో పాత నంబర్ల లెక్కన అమ్మే సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు.)

మనసు బిగుసుకున్న రోజు చెయ్యి కూడా బిగుసుకుంటుందని అల్లేవాళ్లు ఎవరైనా చెబుతారు. ఆసుపత్రి వరండాలో అల్లిన వరసలు, వేసవి మధ్యాహ్నం కబుర్ల మధ్య అల్లిన వరసలు ఒకేలా ఉండవు. అందుకే సాదా వరసలు వచ్చినప్పుడు, లెక్క పెట్టుకునే పని లేనప్పుడు, ఎవరి కోసం అల్లుతున్నారో వాళ్ల పేరు పెట్టి ప్రార్థించడం మంచి అలవాటు. ముందు భుజాలు దిగుతాయి. తర్వాత వేళ్లు వదులవుతాయి.

దీన్ని కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లు మన మధ్యే ఉన్నారు. చలికాలం రాగానే ఊళ్లో టిబెటన్ల దుకాణాలు వెలుస్తాయి, మిషన్ స్వెటర్లు బోలెడు దొరుకుతాయి, ఈ చాకిరీ ఎందుకంటారు. డబ్బు లెక్కన వాళ్ల మాట నిజమే. మంచి ఊలు కొని అల్లితే కొన్న స్వెటర్ కంటే ఖర్చు ఎక్కువే కావచ్చు. అయినా చేత్తో చేసే పనిలో ఆనందం దేవుడు ఇచ్చిందే. ఆ ఆనందానికి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం విశ్వాసికి లేదు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చూస్తూ గడిపితే అడగనివాళ్లు సూదులు పట్టుకుంటే మాత్రం ఎందుకు అడుగుతారో నాకు అంతుపట్టదు.

అయితే సరదా అనే మాటకు ఇంకో ముఖం ఉంది. అది నరసాపురంలో కనిపిస్తుంది. పశ్చిమ గోదావరి డెల్టాలో ఒంటి కొక్కెం సూదితో అల్లే లేసు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ స్త్రీల మీద రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ఆమె చూపించింది ఇదీ: గంటల తరబడి లేసు అల్లే ఆడవాళ్లను పనివాళ్లుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారు; అందుకే వాళ్ల చేతికి అందే కూలి అంత తక్కువ. మనకు సరదా అయినది పక్కింటి చెల్లెమ్మకు కూడు పెట్టేది కావచ్చు. లేవీయకాండం 19:35, 36 వచనాలు పొడవులో, తూకంలో, పరిమాణంలో అన్యాయం చేయవద్దంటాయి. చేతిపని కొనేటప్పుడు బేరమాడే మన నోటికీ ఆ ఆజ్ఞ వర్తిస్తుంది. స్వయంగా అల్లేవాళ్లకు ఒక వరసకు ఎంతసేపు పడుతుందో తెలుసు. బేరంలో ముందు తగ్గాల్సింది వాళ్లే.

మరో అంగీ సంగతి కూడా చెప్పాలి. యోహాను 19:23లో ప్రభువు అంగీ కుట్టు లేకుండా పైనుంచి అంతా నేసినదని ఉంది. మిగతా బట్టలను నాలుగు భాగాలు చేసుకున్న సైనికులు దీన్ని మాత్రం చింపడానికి ఇష్టపడక చీట్లు వేసుకున్నారు. కొరడా దెబ్బలు కొట్టినవాళ్లు, మేకులు దించినవాళ్లు కూడా ఆ పనితనానికి ఆగారు. అది ఎవరు నేశారో సువార్త చెప్పలేదు. ఎవరో కొలత తెలిసినవాళ్లే.

మీ ఇంట్లో సగంలో ఆగిపోయిన ముక్క ఏదైనా ఉంటే ఈ వారం బయటికి తీయండి. ఎవరి కోసమో వాళ్ల ఛాతీ, చేతి పొడవు, తల చుట్టుకొలత ఫోన్ చేసి అడిగి రాసుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు. నమూనా ముక్క అల్లాకే మొదలుపెట్టండి. బెసలేలుకు దేవుడు ఇంకొకరికి నేర్పే మనసు కూడా ఇచ్చాడని నిర్గమకాండం 35:34 చెబుతోంది. కాబట్టి సండే స్కూల్లో ఆసక్తి ఉన్న ఒక పిల్లనో పిల్లవాడినో పక్కన కూర్చోబెట్టుకుని కుట్లు ఎక్కించడం నేర్పండి. ఒక జత సూదులు వాళ్లకే ఇచ్చేయండి.

ప్రార్థన: ప్రభువా, మా చేతులకు ఇచ్చిన నేర్పు కోసం, ఆ పనిలో దొరికే సంతోషం కోసం నీకు వందనాలు. మేము ప్రేమించేవాళ్ల కొలత తెలుసుకునే ఓపిక మాకు ఇవ్వు. దూరాన ఉన్న మా పిల్లలను, మనవలను కాపాడు. చేతిపనితో బతికే మా అక్కచెల్లెళ్లకు న్యాయమైన కూలి దొరికేలా చెయ్యి. అది ఇవ్వాల్సినవాళ్లం మేమైతే మా చెయ్యి వెనక్కి పోనివ్వకు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.