లేచిన చెయ్యి – బెదిరిన పసి హృదయం



కొన్నేళ్ళ క్రితం దివిసీమలోని ఒక పల్లె మస్జిదులో సాయంత్రం పూట పిల్లలకు ఖాయిదా చెప్పేవాళ్ళం. ఒకరోజు పై అరలో ఉన్న పారా అందుకుందామని చెయ్యి పైకెత్తాము. ముందు వరుసలోని ఏడేళ్ళ బాలుడు చటుక్కున రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయాడు. ఆ రోజు మేము వాణ్ణి ఏమీ అనలేదు. అంతకు ముందు మాత్రం కొట్టాము. సబఖ్ అప్పజెప్పకపోతే బెత్తం తీయడం మేము చదువుకున్న చోట చూసిందే, తిన్నదే. అదే అలవాటు మాకూ అంటుకుంది. వాడి భయంలో సగం మాదనీ, మిగతా సగం వాడి ఇంటిదనీ తర్వాత తెలిసింది. రాత్రిళ్ళు తండ్రి తల్లిని కొడుతుంటే వాడు చెల్లెలి చెవులు మూసి మంచం కింద పడుకునేవాడట.

హజ్రత్ అనస్ (రజి) పసితనం నుంచీ పదేళ్ళపాటు దైవప్రవక్త (స) సేవలో గడిపారు. ఆ పదేళ్ళలో విసుగుతో కూడిన ఒక్క మాట కూడా తాను వినలేదని ఆయన చెప్పుకున్నారు. పదేళ్ళు! మన ఇళ్ళలో పిల్లలు పది నిమిషాలు అలా గడపగలుగుతున్నారా? దైవప్రవక్త (స) ఏ స్త్రీ మీదా, ఏ సేవకుని మీదా చెయ్యి చేసుకోలేదని విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు. సజ్దాలో ఉండగా మనవడు వీపెక్కితే, వాడు దిగేదాకా ఆయన (స) తల ఎత్తలేదు. నమాజు చేయిస్తూ వెనుక వరుసల్లో పసిబిడ్డ ఏడుపు వినబడితే, తల్లి మనసు కలత చెందుతుందని నమాజును కుదించేవారు. పసివాడి ఏడుపుకు అంత విలువ ఇచ్చిన ప్రవక్త ఉమ్మత్‌లో, పిల్లల ఏడుపు వినీ ఆగని చేతులు ఉన్నాయంటే మనం సిగ్గుపడాలి.

“నేను పిల్లల్ని కొట్టను మౌల్వీ సాబ్, వాళ్ళ అమ్మీతోనే నా గొడవ” అని ఒక సోదరుడు మాతో అన్నారు. తల్లి మీద పడిన దెబ్బ బిడ్డకు తగలదని ఆయన నమ్మకం. 1990ల మధ్యలో అమెరికాలోని కాలిఫోర్నియాలో వేలాది మంది పెద్దల బాల్యాన్ని వైద్యులు అడిగి రాసుకున్నారు. 1998లో వెలువడిన ఆ పరిశోధనలో, తల్లి దెబ్బలు తినడం చూడటాన్ని కూడా బిడ్డకు జరిగిన హానిగానే లెక్కించారు. బాల్యంలో ఇటువంటి హానులు ఎక్కువైన కొద్దీ పెద్దయ్యాక గుండె జబ్బులు, మద్యపానం, ఆత్మహత్యాయత్నాలు పెరిగినట్లు తేలింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో జరిపించి 2007లో వెలువరించిన అధ్యయనంలోనైతే, ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురైనట్లు కనబడింది. ఆ 13 రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఈ లెక్కలు లేకపోయినా మక్తబ్‌లో కూర్చున్నవాడికి తెలిసిపోతుంది. నిన్న చక్కగా అప్పజెప్పిన సూరా ఇవాళ నోట రాదు. రాత్రి నిద్ర లేని బిడ్డకు హిఫ్జ్ ఎలా నిలుస్తుంది? పదేళ్ళు వచ్చినా పక్క తడుపుతున్నాడని తల్లి తాయెత్తు అడుగుతుంది. ఒకడు తనకన్నా చిన్నవాణ్ణి గోడకేసి కొడతాడు. ఒక అమ్మాయి ఎవరేమన్నా తలూపుతుంది, నోరు విప్పదు. బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే పడవలవాళ్ళు ఒడ్డున ఆగిపోతారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత మన దివిసీమలో తుఫాను షెల్టర్లు కట్టారు, జనం పరుగెత్తి వెళ్ళడానికి ఒక చోటుంది. వాకిట్లో అబ్బా చెప్పుల చప్పుడు విని ఇవాళ గాలి ఎటు వీస్తుందో పోల్చుకునే బిడ్డ ఎక్కడికి పరుగెత్తాలి?

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది మరొకటుంది. కొట్టే చెయ్యి, దుఆ కోసం ఎత్తే చెయ్యి ఒకటే అయినప్పుడు పసివాడు రెంటినీ విడదీసి చూడలేడు. కొట్టడం కూడా దీన్‌లో భాగమే అనుకుంటాడు. పైగా మనలో కొందరు ఆధారాలు చూపుతారు. పదేళ్ళ వయసులో నమాజు గురించిన హదీసు ఒకటి, సూరా నిసా 34వ ఆయతు ఒకటి. ఆ హదీసులో ముందు ఏడేళ్ళ నుంచి మూడేళ్ళ ఓపికైన బోధ ఉందని ఎవరూ చెప్పరు. ముఖం మీద కొట్టరాదనీ, గాయం చేయరాదనీ ఫుఖహాలు విధించిన షరతులు గుర్తుండవు. భార్య విషయంలో, కోపం వచ్చినా కొట్టకూడదన్నదే మక్కా విద్వాంసుడు, తాబిఈ అయిన అతా బిన్ అబీ రబాహ్ (రహ్మ) అభిప్రాయం. భర్తలు కొడుతున్నారని స్త్రీలు దైవప్రవక్త (స) ఇంటికి వచ్చి మొరపెట్టుకున్నప్పుడు, అటువంటివారు మీలో మంచివారు కారని ఆయన (స) ప్రకటించారు. మరి మన ఆధారం ఎవరి నడవడి?

ఇక ఉస్తాదుల సంగతి. 1377లో ‘ముఖద్దిమా’ రాసిన ఇబ్న్ ఖల్దూన్ ఈ విషయానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. కఠినంగా శిక్షించి పెంచిన పిల్లవాడిలో ఉత్సాహం చచ్చిపోతుందనీ, దెబ్బల నుంచి తప్పించుకోవడానికి అబద్ధం, కపటం నేర్చుకుంటాడనీ, చివరికి అవే అతని స్వభావమైపోతాయనీ ఆయన వివరించారు. మేము ఆ పేరును మదరసాలోనే విన్నాం. ఆ అధ్యాయం సంగతి మాత్రం బెత్తం పట్టిన చాలా ఏళ్ళకు తెలిసింది.

వీధిలోని హింస కూడా ఇంట్లోకే వస్తుంది. 1988 డిసెంబరు 26న విజయవాడలో నిరాహార దీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా హత్యకు గురయ్యారు. ఆ తర్వాత అల్లర్లు, దహనాలు, కర్ఫ్యూ. అప్పుడు పిల్లవాడిగా అక్కడ ఉన్న ఒకాయన ఇప్పుడు గుడివాడలో వ్యాపారం చేసుకుంటున్నారు. వీధిలో నలుగురు గట్టిగా అరిస్తే చాలు, ఈ వయసులోనూ ఆయన చెయ్యి షట్టర్ మీదికి వెళుతుంది. ఏ కులం, ఏ మతం గొడవైనా పసివారికి తెలిసేది ఒక్కటే, పెద్దలు కాపాడలేకపోయారని. ఆ రాత్రి మనం అన్నం ముందు కూర్చుని ‘వాళ్ళు’ అంటూ పళ్ళు నూరితే పగను కూడా వారసత్వంగా రాసిచ్చినట్లే. ఒక జాతి మీద ద్వేషం కూడా న్యాయాన్ని విడిచిపెట్టేలా చేయకూడదని ఖుర్ఆన్ ఆదేశిస్తోంది. ఆ పాఠం మొదలవ్వాల్సింది అన్నం ముందే.

మా తప్పు మరొకటి చెప్పాలి. ఆ బాలుడి తల్లి ఒకసారి మా ఇంటికి వచ్చింది. మేము సబర్ చేయమ్మా అని పంపించాం. పక్కనే నిలబడి వాడు విన్నాడు. అమ్మకు దెబ్బలు తగలడం హజ్రత్‌కూ సమ్మతమే అని వాడికి అర్థమై ఉంటుంది. దెబ్బలు తినే స్త్రీకి సబర్ బోధించి, కొట్టేవాడికి ఏమీ బోధించని జమాఅత్ పెద్దలు మేమొక్కరమే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వివాహితుల్లో పది మందికి సుమారు ముగ్గురు భర్త చేతి హింసను చూసినవారే. మన సఫ్‌లలో భుజం కలిపి నిలబడే భర్తలు ఆ లెక్కకు బయట లేరు.

తర్వాత మేము ఆ తండ్రి దగ్గరకు వెళ్ళాం, ఒంటరిగా కాదు, ఆయన మామగారినీ మస్జిదు సదర్ సాబ్‌నూ తీసుకుని. మొదటిసారి ఆయన తలుపు తీయలేదు. మూడోసారి కూర్చుని మాట్లాడారు, ఏడ్చారు కూడా. తన తండ్రి కూడా అంతేనట. దెబ్బలు ఆగాయని ఆ తల్లి చెప్పింది, కానీ ప్రాణభయం ఉన్నచోట పెద్దమనుషుల మాటలతో కాలయాపన చేయకూడదు. 2005 గృహహింస చట్టం ఉంది. మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లున్నాయి. ఆ నంబర్లను మస్జిదు నోటీసు బోర్డు మీద నమాజు వేళల పక్కనే రాయించాం. కొందరు అభ్యంతరం చెప్పారు, ఇంటి గుట్టు బజారున పడుతుందని. నంబర్లు అలాగే ఉన్నాయి.

బెత్తం మక్తబ్‌లో ఇప్పుడు లేదు. ఆ బాలుడు అమ్మ పారా పూర్తి చేశాడు. పై అరలో పుస్తకం కావాల్సి వస్తే చెయ్యి ఎత్తే ముందు వాడి పేరు పిలిచి, పారా తీస్తున్నామని చెబుతాం.