పరదేశంలో తొలి కాన్పు: మన బాధ్యతలు



సంతానం అల్లాహ్ ప్రసాదించే వరం. అది మనకు అప్పగించబడిన అమానత్ కూడా. ఈ అమానత్ స్వదేశానికి దూరంగా, అయినవారెవరూ లేని చోట చేతికి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది నేడు ఎన్నో కుటుంబాలకు ఎదురవుతున్న ప్రశ్న.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల ద్వారా మన యువకులెందరో విదేశాలకు వెళ్ళారు. నికాహ్ అయిన కొద్ది నెలలకే భార్యను వెంట తీసుకుని డల్లాస్‌కో, దుబాయికో చేరుతున్నారు. తొలి గర్భం శుభవార్తను అక్కడే వింటున్నారు. జుమా నమాజు తర్వాత ఇక్కడి తల్లిదండ్రులు, ఫోనులో అక్కడి పిల్లలు మమ్మల్ని అడిగేది ఒక్కటే: “మౌలానా సాబ్! అక్కడ చూసుకునేవారెవరూ లేరు. ఎలా?”

ఇక్కడైతే తొలి కాన్పు పుట్టింట్లోనే. అమ్మీ, నానీ, ఖాలా చుట్టూ ఉంటారు. చిల్లా నలభై రోజులూ బాలింతను పని ముట్టుకోనివ్వరు. అక్కడ ఆమెకు తోడు ఒక్క భర్తే. అతను కూడా ల్యాప్‌టాప్ ముందు మీటింగుల్లో ఉంటాడు.

ఈ ఒంటరితనం దివ్య ఖుర్ఆన్‌కు తెలియనిది కాదు. మర్యమ్ సూరా 22 నుండి 26 వరకు గల ఆయతులు చదవండి. హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) జనానికి దూరంగా వెళ్ళారు. పురిటి నొప్పులు ఆమెను ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గరకు చేర్చాయి. ఇంతకు ముందే తాను చనిపోయి ఉంటే బాగుండేదని ఆమె వాపోయారు. ఆ మాట అన్నందుకు అల్లాహ్ ఆమెను మందలించలేదు. ముందు దుఃఖించవద్దని ఓదార్పు వచ్చింది. తర్వాత తాగడానికి నీటి ఊట, తినడానికి పండిన ఖర్జూరాలు లభించాయి. గర్భవతి ఏడిస్తే ఈమాన్ బలహీనమైందని నిందించేవారు ఈ క్రమాన్ని గమనించాలి. ఆమెకు ముందు కావలసింది ఓదార్పు, ఆహారం. ఉపదేశం తర్వాత చేయవచ్చు.

హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) చరిత్ర కూడా చూడండి. ఆమె తన భర్త హజ్రత్ జాఫర్ (రజి)తో కలిసి హబషాకు హిజ్రత్ చేశారు. వారి కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) అక్కడే జన్మించారు. హిజ్రీ 7లో వారు మదీనా చేరినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి), హిజ్రత్‌లో తామే ముందున్నామన్నారు. ఆమె ఊరుకోలేదు. మీరు దైవప్రవక్త (సఅసం) చెంతనే ఉన్నారు, మేము దూరదేశంలో భయాల మధ్య గడిపామన్నారు. ఆమె గోడు విన్న దైవప్రవక్త (సఅసం), ఓడలో వచ్చిన వారికి రెండు హిజ్రత్‌ల పుణ్యం ఉందని శుభవార్త ఇచ్చారు. ఉద్యోగం కోసం వెళ్ళడం ధర్మం కోసం చేసిన హిజ్రత్‌తో సమానం కాదు. అయినా పరదేశంలో స్త్రీ పడిన కష్టానికి దైవప్రవక్త (సఅసం) ఎంత విలువ ఇచ్చారో ఇందులో ఉంది.

కాబట్టి భర్తలకు మా మనవి. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారికి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. వంట చేయడం, గిన్నెలు తోమడం మీకు చిన్నతనం కాదు. అమెరికాలో 1993 నాటి చట్టం అర్హులైన ఉద్యోగులకు, తండ్రులతో సహా, 12 వారాల వరకు సెలవు హక్కు ఇచ్చింది. దానికి జీతం ఉండదు. అందుకని తొలి నెలల నుండే కొంత పొదుపు చేసి ఆ సెలవు తీసుకోండి. ఆ ఖర్చు వృథా కాదు, భార్యాబిడ్డల హక్కు.

మరో ముఖ్య విషయం. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ ఆదేశం జారీ చేశారు. తల్లిదండ్రులిద్దరూ హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉంటే, 30 రోజుల తర్వాత పుట్టే బిడ్డలకు పౌరసత్వం ఉండదన్నది దాని సారాంశం. న్యాయస్థానాలు దాని అమలును నిలిపివేశాయి. కానీ ఆ కొద్ది రోజుల్లోనే కొందరు భారతీయ దంపతులు నెలలు నిండకముందే ఆపరేషన్ చేయమని డాక్టర్లను అడిగినట్లు వార్తలు వచ్చాయి. 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు శ్వాస, పాలు తాగడం వంటి విషయాల్లో ఇబ్బందులు రావచ్చని వైద్యులు చెబుతారు. తల్లి లేక బిడ్డ ప్రాణం కోసం డాక్టరు ఆపరేషన్ అవసరమంటే ఆలస్యం చేయకూడదు. కేవలం పాస్‌పోర్టు కోసం బిడ్డను ప్రమాదంలోకి నెట్టడం మాత్రం ధర్మసమ్మతం కాదు. ఉపాధి ప్రదాత అల్లాహ్, ఏ దేశపు పాస్‌పోర్టూ కాదు.

గల్ఫ్‌లో పుట్టిన మన బిడ్డలకు ఆ దేశ పౌరసత్వం రాదు. కనుక ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించండి. తవక్కుల్ అంటే కాగితాలను నిర్లక్ష్యం చేయడం కాదు.

ఇక్కడి పెద్దలకూ ఒక మాట. రమజాన్‌లో తనకో, బిడ్డకో హాని జరుగుతుందని భయముంటే గర్భవతి ఉపవాసం మానవచ్చు, తర్వాత ఖజా చేసుకోవచ్చు. ఫోనులో ఆమెను నిర్బంధించకండి. అబ్బాయా, అమ్మాయా అని వేధించకండి. అష్షూరా సూరా 49వ ఆయతులో అల్లాహ్ తన వరాన్ని తెలుపుతూ కూతుళ్ళనే ముందు ప్రస్తావించాడు. అక్కడ వీలుకాకపోతే అఖీఖా జంతువును ఇక్కడ వారి తరఫున జిబహ్ చేసి పేదలకు పంచవచ్చు.

ఇక పరదేశంలోని సోదరీమణులారా! మీ మస్జిద్‌కు వచ్చే కుటుంబాల్లో గర్భవతి ఎవరో తెలుసుకోండి. ఆమె చిల్లా రోజుల్లో వంతులవారీగా ఇంత అన్నం వండి పంపండి. ఆమెకు మీరే ఖాలాలు, మీరే నానీలు కండి.

అల్లాహ్ పరదేశంలోని మన ఆడబిడ్డలకు సుఖప్రసవాన్ని, వారి ఒడికి సద్గుణ సంతానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.