సరే అన్నంత మాత్రాన

మా అత్తగారికి అన్నిటికన్నా అలవాటైన మాట "సరే". కాఫీలో పంచదార మానెయ్యమన్నారమ్మా డాక్టరుగారు అంటే, సరే. ఊళ్ళో ఇల్లు బేరం పెట్టామమ్మా అంటే, సరే. మా ఆడపడుచు పెళ్ళికి ఆవిడ చంద్రహారం చెరిపించి కొత్త నగలు చేయించినప్పుడూ, "మీ ఇష్టం, సరే". ఈ సరేలన్నీ ఒక్క రకం కావనీ, కొన్ని నిజంగా సరేలనీ, కొన్ని "నన్నడిగి ఏం లాభంలే" అనే సరేలనీ, ఇంకొన్ని లోపలి గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునే సరేలనీ, ఇరవై తొమ్మిదేళ్ళు ఆవిడతో ఒకే వంటింట్లో మసిలినదాన్ని కనక నాకు తెలుసుననే గర్వం ఉండేది. ఆ గర్వం కాస్తా కిందటేడు కార్తీకమాసంలో, ఒక ఆస్పత్రి వరండాలో, తెల్లవారుజామున మూడు గంటలకి దిగిపోయింది.

పెరట్లో నిమ్మచెట్టు కింద ఆవిడ కాలికి ముల్లు గుచ్చుకుంది. పద్ధెనిమిదేళ్ళుగా షుగరున్న మనిషి. నొప్పి తెలియలేదో, తెలిసినా మాకెందుకు చెప్పడమనుకున్నారో, పసుపు అద్దుకుని ఊరుకున్నారు. నాలుగోనాడు చలిజ్వరం. సాయంత్రానికి పొంతన లేని మాటలు. రాత్రికి ఆస్పత్రి. తెల్లారేసరికి బి.పి. పడిపోయి, మూత్రం ఆగిపోయి, ఊపిరి అందక, గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. మల్టీ ఆర్గాన్ ఫెయిల్యూర్ అన్నారు. అంటే ఒళ్ళు ఒక్కచోట కాకుండా నాలుగుచోట్ల చతికిలబడిందన్నమాట.

"ముల్లు గుచ్చుకున్నది కాలికైతే కిడ్నీలేం పాపం చేశాయండీ?" అనడిగాను పెద్ద డాక్టరుగారిని. పాపం, ఆయన రాత్రంతా నిద్ర లేకుండా ఉండి కూడా విసుక్కోకుండా చెప్పారు. పుండులోంచి సూక్ష్మక్రిములు నెత్తుట్లోకి ఎక్కితే వాటితో పోట్లాడ్డానికి ఒంట్లోని బలగమంతా లేస్తుందిట. ఆ లేవడం ఒక్కోసారి అదుపు తప్పుతుందిట. సన్నసన్న రక్తనాళాలు సాగి, చిల్లులు పడ్డ గొట్టాల్లా నీరు బయటికి కారుస్తాయి. బి.పి. నిలవదు. కొన్నిచోట్ల నెత్తురు గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. అందవలసిన ప్రాణవాయువు అందక ముందు ఒక అవయవం, దాని వెనకాల ఇంకోటి. అన్నం వండుకుందామని రాజేసిన పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచి తాటాకు కప్పు అందుకున్నట్టని నేను అనువదించుకున్నాను.

ఈ జబ్బుకి పేరు పెట్టి ఎంతో కాలం కాలేదు. 1973లో టిల్నీ అనే శస్త్రవైద్యుడూ ఆయన తోటివాళ్ళూ, పొట్టలోని పెద్ద ధమని చిట్లి ఆపరేషనయిన రోగుల్లో అవయవాలు ఒకదాని తరవాత ఒకటి ఆగిపోవడం గమనించి రాశారు. మరో రెండేళ్ళకి ఇంకో వైద్యుడు ఇది 1970ల జబ్బు అన్నాడు. మరి అంతకు ముందు లేదా అంటే, ఉండడానికి వ్యవధి లేదు. మొదటి అవయవం ఆగగానే మనిషి వెళ్ళిపోయేవాడు. రెండోదీ మూడోదీ ఆగేదాకా మనిషిని నిలబెట్టడం మనకి చేతనయ్యాకే ఈ జబ్బు కంటబడింది. ఆ చేతనవడం కూడా ఎంత చిత్రంగా మొదలైందో చూడండి. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో వచ్చి ఊపిరాడని పిల్లలూ పెద్దలూ ఆస్పత్రిలో బారులు తీరితే, ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచీని చేత్తో పిసికి గాలి పంపే ఉపాయం చెప్పాడు. వైద్యం చదువుకునే కుర్రాళ్ళు పదిహేను వందల మంది దాకా వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు ఆ సంచులు పిసికారు. ఇవాళ గదినిండా కుయ్యికుయ్యిమనే యంత్రాల వెనక ఆ కుర్రాళ్ళ చేతులున్నాయి.

ఇక్కడో చిన్న నవ్వులాట. రోగి ఒంట్లో ఏది ఎంత చెడిందో లెక్క కట్టడానికి 1994లో పారిస్‌లో వైద్యులు కూర్చుని ఒక పద్ధతి ఆలోచించారు, 1996లో అచ్చువేశారు. దాని పేరు సోఫా! ఊపిరితిత్తులు, నెత్తురు గడ్డకట్టే గుణం, కాలేయం, గుండె, మెదడు, కిడ్నీలు, ఈ ఆరింటికీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. మొత్తం ఇరవైనాలుగు. తక్కువొస్తే మంచిది. మా అత్తగారికి ఆ రోజు పదమూడు. లోపల ఆవిడ సోఫా లెక్క అలా ఉంటే, బయట మేం ప్లాస్టిక్ కుర్చీల్లో.

రెండో రాత్రి మూడు గంటలకి ఒక కుర్ర డాక్టరు కాగితాలు పట్టుకుని వచ్చాడు. మామూలుగా చేసే వైద్యమంతా ఎలాగూ చేస్తారుట. దానికి తోడుగా ఒక మందు ఇస్తే మేలు జరుగుతుందా లేదా అని పరిశోధన చేస్తున్నారుట. రెండు సీసాలు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఒకదాంట్లో మందు, రెండోదాంట్లో ఉత్త సెలైన్. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ చీటీ వేసి తేలుస్తుంది. ఇచ్చే నర్సుకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. రోగి స్పృహలో లేరు కనక ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టాలి.

"మా అమ్మ మీద చీట్లాటేమిటయ్యా?" అని లేచాడు మా మరిది, వరండా అదిరేలా.

మావారు తల పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి, "మాకేమీ తోచడం లేదు. మీరే చెప్పండి" అన్నారు.

"మీకేం తోస్తుందని కాదండీ" అన్నాడు ఆ అబ్బాయి నెమ్మదిగా. "ఆవిడే మాట్లాడగలిగితే ఏమంటారో, అది ఆలోచించి చెప్పండి."

అన్నదమ్ములిద్దరూ నావైపు చూశారు. కన్న కొడుకులు! అమ్మ ఇష్టమేమిటో కోడలు చెప్పాలి. నేను నోరు తెరిచాను. ఆవకాయలో ఆవిడకి ఆవపిండి ఎంత ఘాటుండాలో చెప్పగలను. ఏ చీర ఏ పండక్కి కడతారో చెప్పగలను. ఒకరి కోసం తన ఒంటిని పందెం ఒడ్డడం ఇష్టమా అంటే? చంద్రహారం ఇవ్వడం ఇష్టమా అనే ఎవ్వరం అడగలేదు. ఆవిడ డెబ్భై ఒక్క ఏళ్ళ బతుకులో "నీ ఇష్టమేమిటి" అని అధికారికంగా అడిగిన మొదటి కాగితం అదేమో. అదేమో ఆవిడ మాట పడిపోయినప్పుడు వచ్చింది.

చీటీ మాట వింటే నాకూ ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు. డాక్టరన్నవాడికి ఏది మంచిదో తెలియాలి గాని బొమ్మా బొరుసూ వెయ్యడమేమిటి? తరవాత్తరవాత చదివి తెలుసుకున్నాను గాని, పెద్దవాళ్ళ ఊహలే నిలవలేదుట ఈ గదుల్లో. షుగరు సంగతే తీసుకోండి. 2001లో బెల్జియంలో 1,548 మంది మీద, ఎక్కువమంది ఆపరేషనయినవాళ్ళు, ఇన్సులిన్‌తో చక్కెరని గట్టిగా కట్టడి చేసి చూస్తే ఐ.సి.యు.లో చావులు నూటికి ఎనిమిది నుంచి అయిదు లోపుకి దిగాయి. ఇంకేం, చాలా దేశాల్లో అదే దారి పట్టారు. మనలాంటి గృహిణికి కూడా సబబుగానే తోస్తుంది, షుగరు తగ్గితే మంచిదేగా! 2009లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా వైపు వైద్యులు ఆరువేల పైచిలుకు రోగుల మీద మళ్ళీ చూస్తే, గట్టిగా కట్టడి చేసినవాళ్ళలోనే మూడు నెలల్లో నూటికి దాదాపు ముగ్గురు ఎక్కువ పోయారు. చీటీ వెయ్యకుండా ఉంటే ఆ ముగ్గురి సంగతి ఎవరికీ తెలిసేది కాదు. వాళ్ళ ఇళ్ళల్లో మాత్రం, డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారనుకునేవారు.

వెంటిలేటర్ కథా అంతే. ఒకప్పుడు యంత్రంతో పెద్దపెద్ద ఊపిర్లు ఇచ్చేవారు. రోగి ఎత్తునుబట్టి కట్టిన బరువులో కిలోకి పన్నెండు మిల్లీలీటర్లు ఇవ్వడమా, ఆరు చాలా అని అమెరికాలో 861 మంది మీద చూసి 2000లో తేల్చారు. పెద్ద ఊపిరి పడ్డవాళ్ళలో నూటికి నలభై మంది పోతే, చిన్న ఊపిరి పడ్డవాళ్ళలో ముప్ఫయ్యొక్కరు. మా అత్తగారి యంత్రం మీద కిలోకి ఆరు లెక్కే పెట్టారని నర్సమ్మ చెప్పింది. అంటే ఆవిడ పీలుస్తున్న ఆ బుల్లి ఊపిరి, ఎక్కడో ఎవరి కూతురో, ఎవరి మొగుడో, తెల్లారగట్ల వరండాలో పెట్టిన సంతకం. పెద్ద ఊపిరి చీటీ పడి పోయినవాళ్ళ పేర్లు కూడా మనకి తెలియవు. ఆ ఊపిరి మాత్రం తీసుకుంటాం, మా వంతు వచ్చేసరికి చీట్లాటేమిటంటాం.

ఇది గొప్ప వాదమే. కానీ దీంతో నేను ఒప్పుకున్నానని చెబితే అది అబద్ధం. ఆ రాత్రికి నాకు ఈ లెక్కలేవీ తెలియవు. మరెందుకు మావారి చెవిలో "పెట్టండి" అన్నానంటారా? భయంతో. కాదంటే ఆ కుర్రాడు మొహం చిట్లించుకుంటాడేమోనని. ఒప్పుకుంటే మా మనిషిని నలుగురూ మరోసారి తొంగి చూస్తారేమోనని. "మీరు నిరాకరించినా చికిత్సలో తేడా ఉండదు" అని కాగితం మీద అచ్చ తెలుగులో ఉంది, అబ్బాయి రెండుసార్లు చదివి వినిపించాడు కూడా. లోపల మనవాళ్ళు గొట్టాల మధ్య పడుకుని ఉండగా ఆ వాక్యాన్ని నమ్మేవాళ్ళు ఎందరుంటారో మీరే చెప్పండి.

నాజీల కొలువులో వైద్యులు చేసిన ఘోరాల మీద విచారణ జరిగాక, 1947లో నూరెంబర్గ్‌లో రాసిన నియమాల్లో మొట్టమొదటిది, ఆ మనిషి తనంత తానుగా ఒప్పుకోవాలి అన్నది. 1964లో హెల్సింకిలో ప్రపంచ వైద్యుల సంఘం, మాట్లాడలేనివాళ్ళ తరపున బాధ్యులు ఒప్పుకోవచ్చునంది. లేకపోతే స్పృహ లేనివాళ్ళ జబ్బులకి పరిశోధనే ఉండదు, నిజమే. మన దేశపు నియమాల్లోనూ ఆ వీలుంది. పరిశోధనని ముందుగా చూసి సరేననవలసిన సంఘంలో వైద్యం తెలియని మామూలు మనిషి కూడా ఒకరుండాలన్న నియమం నాకు నచ్చింది. కానీ భయపడ్డ మనిషి పెట్టిన సంతకం ఒప్పుకోలేనా? ఎప్పుడూ ఎవరూ అడగని మనిషి తరపున, ఆవిడ సరేనంటుందిలే అని ఇంకొకరు అనడం ఒప్పుకోలేనా? ఆ రాత్రి నేను చేసింది, మా ఇంట్లో ఆవిడ విషయంలో ఇన్నేళ్ళూ చేస్తూ వచ్చిందే. ఈసారి కాగితం మీద చేశాం.

దేవుడి దయో, వైద్యుల చలవో, పందొమ్మిదో రోజుకి ఆవిడ మామూలు వార్డులోకి వచ్చారు. రెండు వేళ్ళు తీసేశారు కాలికి. కిడ్నీలు మెల్లిగా దారిన పడ్డాయి. గొట్టం వల్ల గొంతు బొంగురుపోయింది గాని మాటకి మాట స్పష్టంగా ఉంది.

ఆ మర్నాడు కుర్ర డాక్టరు మళ్ళీ అవే కాగితాలతో తయారు. రోగికి తెలివొచ్చాక వాళ్ళనే స్వయంగా అడగాలిట, అది నియమంట.

"మామ్మగారూ, మీకు తెలివి లేనప్పుడు మీవాళ్ళు ఒప్పుకున్నారు. ఇప్పుడు మీరు చెప్పాలి. ఇక ముందు మీ వివరాలు రాసుకోమంటే రాసుకుంటాం. వద్దంటే మానేస్తాం."

"వద్దంటే మానేస్తారా?"

"మానేస్తామండీ."

"నిజంగానా?"

"నిజంగానేనండీ. మీ వైద్యానికేం అడ్డు రాదు."

ఆవిడ నా వైపు ఒక్క చూపు చూశారు. ఇరవై తొమ్మిదేళ్ళలో నేనా చూపు ఎరగను. పిల్లలకి ఎవరో ఉత్తినే చాక్లెట్ ఇస్తానంటే నమ్మాలో వద్దో తెలియక చూస్తారే, అలా.

"ఆలోచించుకుని చెప్తాలే, రేపు రా నాయనా" అన్నారు.

రేపూ అదే మాట. మూడోనాడు మావారికి ఇబ్బంది కలిగి, "పాపం ఆ అబ్బాయిని తిప్పుతావేమిటమ్మా, పెట్టెయ్యరాదూ" అన్నారు. "నువ్వుండరా" అన్నారావిడ. మావారు ఉండిపోయారు.

ఆ మధ్యాహ్నం కమలాఫలం తొనలు వలిచి ఇస్తుంటే అడిగారు. "ఆ వేళ వాళ్ళు అడిగితే నువ్వేం చెప్పావే?"

"మీరు సరేనంటారని చెప్పానత్తయ్యా."

"నీకెలా తెలిసింది?"

తొన మీద పీచు తీస్తూ ఉండిపోయాను. ఆవిడా రెట్టించలేదు.

సాయంత్రం ఆ అబ్బాయి వస్తే, ఇన్నాళ్ళూ ఏమాలోచించారో అప్పుడు బయటపడింది. "నాకు పడింది మందు సీసా అనుకో, ఆ ఉత్త నీళ్ళ సీసా పడ్డవాళ్ళు ఇంటికెళ్ళారా? నీళ్ళ సీసా నాదే అయితే, మందు పడ్డవాళ్ళెలా ఉన్నారు?"

"నాకూ తెలియదు మామ్మగారూ. అందరివీ పూర్తయ్యేదాకా ఆ చీటీలు విప్పరు."

"విప్పాక నాకు చెప్తావా?"

"తప్పకుండా ఫోన్ చేస్తానండీ."

"అది కూడా ఈ కాగితం మీద రాయి."

అతను జేబులోంచి కలం తీసి, అంచున ఖాళీ ఉన్నచోట రాసి, కింద పొడి అక్షరాలతో సంతకం పెట్టాడు. ఆవిడ అది పుచ్చుకుని, కళ్ళజోడు ఇవ్వమని నాకు చెయ్యి చాపారు. పెట్టుకుని, మొదటి పేజీ మొదటి వరస మీద వేలుపెట్టి చదవడం మొదలుపెట్టారు. మొత్తం తొమ్మిది పేజీలు. ఆ అబ్బాయి గడియారం చూసుకుని, మంచం కిందనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.