డేరా యెవరిది?

మా యింటి యటకమీద నొక డేరా కలదు. కాన్వాసుగుడ్డతో కుట్టినది, మా తాతగారి నాటిది. పన్నెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు. రెండు నిలువుగుంజలు, వానిపై నొక దూలము, ఇరువదినాలుగు చేవకొయ్య మేకులు, ఒక కొయ్యసుత్తి. ఇంటికి వచ్చినవారు దానిని చూచి, "ఇంత చోటు తినుచున్నదే, అమ్మివేయరాదా?" అని యడుగుదురు. ఎందు కమ్మలేదో చెప్పవలెననియే యీ వ్యాసము మొదలిడితిని. వ్రాయుచుండగా అది వేరొక ప్రశ్నయై కూర్చున్నది.

అమెరికా దేశపు థోరో 1854లో ప్రకటించిన "వాల్డెన్" అను గ్రంథమున, సరస్సు నొద్ద కుటీరము కట్టుకొనుటకు మునుపు, ఒక పడవను విడిచినచో, తనకు స్వంతమైన యిల్లు డేరా యొక్కటియే యనియు, అది యింకను తన యటకమీద చుట్టబడి యున్నదనియు చెప్పుకొనెను. కళాశాలలో ఆ పుట చదివిననాడు నాకు మా యటక జ్ఞప్తికి వచ్చి గర్వము కలిగినది. విడిచి పోదగిన యిల్లు కలవాడు గోడలకు కట్టుబడిన వానికంటె స్వతంత్రుడని నమ్మి, తరగతిలో పిల్లలకు కూడ నట్లే బోధించితిని. ఆ డేరాను థోరో తానే మోసెనా, వేరొకడు మోసెనా యను ప్రశ్న అప్పుడు నాకు తోచలేదు.

కాన్వాసు డేరాతో కాపురము చేసినవారికి దాని గుణములు తెలియును. క్రొత్త డేరాను ముందుగా నొకమారు బాగుగా తడిపి, బిగించి యారబెట్టవలెను. నీరు త్రాగిన నూలుపోగులుబ్బి సందులను, సూది చేసిన రంధ్రములను మూసికొనును. వానకు అదియే రక్ష. వాన కురియుచుండగా లోపలినుండి వ్రేలు తగిలించితిమా, అచ్చటనే బొట్టు మొదలగును. నూలుత్రాళ్ళు తడిసిన కుదించుకొని మేకులను పెరికివైచును గనుక, అర్ధరాత్రమున నొకడు లేచి త్రాళ్ళు సడలింపవలెను. తడిసినదానిని మడచి పెట్టినచో పదిదినములలో బూజుపట్టి చివుకును. ఇన్నింటికి మించిన గుణము బరువు. నేడంగడిలో దొరకు నైలాను డేరాను బడిపిల్లవాడు వీపున తగిలించుకొని కొండ యెక్కగలడు. మా డేరాకు ఇద్దరు మనుష్యులైనను, ఒక బండియైనను కావలెను. తడిసినచో ఇద్దరును చాలరు. దాని యజమాని దానిని తానుగా నెన్నడును మోయజాలడు.

తాతగారు దానిని నల్లమల దాపుల వేటకై కొనిరి. ఆయన సంస్కృతము చదివినవారు. కామము వలన పుట్టు పది వ్యసనములలో మృగయను మనువు మొదటనే చెప్పెనని యెరుగుదురు. "శాకుంతలము"న సేనాపతి వేటను పొగడిన ఘట్టమును ఆయన యెంతయో సరసముగా వర్ణించి చెప్పెడివారు. ఆ కాళిదాసే "రఘువంశము"న, పెంటిజింక మగనికి తన దేహము నడ్డము పెట్టగా చూచి దశరథుడు సంధించిన బాణమును దించెనని వ్రాసెను. ఆ చోటు మాత్రము తాతగారి నోట నేను వినలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినపిదప తుపాకి అప్పగించిరి. డేరా అటక యెక్కెను. శాస్త్రము చెప్పగా మాననిది చట్టము చెప్పగా మానిరి. నిందించుటకు వ్రాయుట లేదు. మనలో పెక్కురి నడవడి యిట్టిదే.

రెండేండ్ల క్రిందట మా బడిపిల్లలను తీసికొని కొండల దిగువ నొక మామిడితోపున రెండు రాత్రులు గడపితిమి. డేరాను లారీలో వేయించి తెచ్చితిని. పిల్లలు మేకులు కొట్టుచుండగా డెబ్బదియైదేండ్ల వృద్ధుడొకడు గొఱ్ఱెలను తోలుకొని వచ్చి, గుడ్డమీది మాసికను తడవి చూచి, "ఇది మా డేరానే పంతులుగారూ" అనెను. నేను ఉలికిపడితిని. ఆయన నవ్వి, "మా నాయన మోశాడు, నా మీసాలు రాకముందు నేనూ మోశాను. ఎలుగొడ్డు చించితే ఈ మాసిక మా అమ్మ వేసింది" అని చెప్పెను.

"రాత్రులు మీరెక్కడ పండుకొనేవారు?" అని అడిగితిని.

"నెగడు కాడ. లోపల పడుకుంటే మంటెవరు చూస్తారు? వానొస్తే తాళ్ళెవరు సడలిస్తారు?"

"కూలి యేమిచ్చేవారు?"

"కూలేంది పంతులుగారూ! వేట పడితే తలకాయా కాళ్ళూ. పడకపోతే లేదు."

ఆ మాటలలో ఫిర్యాదు లేదు. అదియే నన్ను బాధించినది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము ఇరువదిమూడవ అధికరణమున వెట్టిని నిషేధించినది. మా తాతగారి పెట్టెలో ఆ రాజ్యాంగగ్రంథపు ప్రతి యొకటి, చక్కని అట్టతో, ఇప్పటికిని ఉన్నది.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించితిని. డేరా యెవరిది? వెల యిచ్చినవారు తాతగారు. మోసినమాత్రమున సొత్తగునా? రైలుస్టేషనులో పెట్టె మోసినవాడు పెట్టె నాది యనడు. నిజమే; కాని వానికి కూలి ముట్టినది. కూలి ముట్టనిచో ఆ వ్యవహారము తెగలేదు; తెగనిదానిని ఋణమందుము. తండ్రితాతల ఋణమును పుత్రపౌత్రులు తీర్పవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. అయితే, మద్యమునకును, కామమునకును, జూదమునకును చేసిన యప్పు కొడుకు తీర్పనక్కరలేదని మినహాయింపు కూడ నాయనదే. వేట కామజవ్యసనము గదా, తాతగారి వేటకూలితో నాకేమి పని యని తప్పించుకొనవచ్చునని, సిగ్గువిడిచి చెప్పుచున్నాను, ఒక క్షణము నా పాండిత్యము నాకు తోడువచ్చినది. కాని ఆ మినహాయింపు యెవని మీద వేయబడినది? వ్యసనమని యెరిగియు లాభముకొరకు అప్పిచ్చినవాని మీద. అడవిలో తడిసి మంట కాచిన బాలుడు ఎవని వ్యసనమునకు పెట్టుబడి పెట్టెను? శాస్త్రమును మన కనుకూలముగా చదువుకొనుట కెంత విద్య యైనను చాలును; ఎదిరివాని పక్షమున చదువుటకే చాలదు.

మరియొక విషయము. చట్టము అడవిలో నున్న చెంచువానికిని, తుపాకితో పోయినవానికిని ఒక్కటిగా వేటను మాన్పెను. అడవిని ఖాళీ చేసినది ఆకలికై విల్లు పట్టినవాడు కాదు. చీతా మన దేశమున నశించెనని 1952లో ప్రకటించిరి. 2022లో నమీబియానుండి తెచ్చి కూనో యడవిలో విడువవలసి వచ్చెను. డేరాలు వేసికొని వినోదమునకు పోయినవారి చేతులు ఆ లెక్కలో లేవని యెవరనగలరు?

ఇంతవరకు తాతగారి తప్పే వ్రాసితిని. నాది వ్రాయకున్న చదువరులు నన్ను క్షమింతురు గాని, మా యింటియామె క్షమింపదు.

ఆ యాత్రకు ముందటి శీతకాలమున నా బావమరది వచ్చి, "బావా, డేరా రెండు రాత్రులు కావాలి, స్నేహితులతో పిక్నిక్కు" అనెను. ఆ స్నేహితు లెవరో, వారు రాత్రివేళ లైట్లు కట్టిన జీపులో ఎక్కడికి పోదురో నాకు తెలియును. వస్తువు నిర్దోషము, వాడువాని పాపము వానిదే యని మనసునకు చెప్పుకొని ఇచ్చితిని. మూడవనాడు డేరా తడిసియే వచ్చినది; దానితోపాటు మోదుగాకులలో చుట్టిన దుప్పిమాంసము. మా యింటియామె పొట్లము విప్పి చూచి, తన తమ్ముని నేమియు ననక, నావంక తిరిగి, "తెలిసి యిచ్చారా, తెలియక యిచ్చారా?" అని అడిగెను. తెలియక యన్నచో నసత్యము. తెలిసి యన్నచో, పొరుగువాని బిడ్డ యైనచో అధికారులకు చెప్పియుందునే యను మాట వెంటనే వచ్చును. ఆమె పెరటిలో గుంట త్రవ్వి దానిని పూడ్చినది. నేను డేరాను మిద్దెమీద ఆరబెట్టితిని. బూజుమచ్చలు పోలేదు.

మామిడితోపులో ఆ వృద్ధుడు తడవినది ఆ మచ్చల ప్రక్కనున్న మాసికయే. మరునాడు ఆయనకు కొంత సొమ్ము ఇవ్వబోయితిని. "ఇదేం డబ్బు?" అని అడిగెను. కారణము చెప్ప నారంభించి, సగములో మాట రాక ఆగితిని. ఆయన పుచ్చుకొనలేదు. డేరానే తీసికొమ్మంటిని. "ఎక్కడ పెట్టుకోను? నా గుడిసె కన్నా ఇదే పెద్దది" అని నవ్వి, కొంతసేపునకు, "మిరప కళ్ళాన వానొస్తే కాయ నల్లబడుతుంది. ఆ నాలుగు రోజులు కప్పుకోను ఇయ్యండి" అనెను.

ఈ యేడు బావమరది మరల డేరా అడిగెను. ఇయ్యనంటిని, కారణమును చెప్పితిని. సంక్రాంతికి రాలేదు. మా యింటియామె ఆ పండుగ మూడుదినములును వీధివాకిలివైపు చూచుచునే యుండెను గాని, నన్నొక్కమాట యనలేదు. డేరా అప్పటికి కళ్ళమునకు పోయియున్నది. మాఘమాసాంతమున తిరిగివచ్చినపుడు, చక్కగా ఆరబెట్టి, నాలుగు మూలలు సరిచేసి మడచి యుండెను. విప్పగనే మిరపఘాటునకు పిల్లలందరు తుమ్మిరి.