పిల్లల చేతికి పానా ఇవ్వండి

ఇంట్లో నల్లా కారుతోంది, వాషర్ మార్చాలి. పదిహేనేళ్ల కొడుకు ఉత్సాహంగా పానా పట్టుకుంటాడు. పది నిమిషాల పని గంట పడుతుంది. తండ్రికి విసుగొచ్చి, "నీకు చేతకాదు, లే" అని పానా లాక్కుంటాడు. నల్లా బాగవుతుంది. మరి పిల్లవాడి సంగతి? పని తొందరగా ముగించడం కోసం నేర్చుకునేవాణ్ణి పక్కకు నెట్టే హక్కు మనకు ఉందా? సంతానం అల్లాహ్ అప్పగించిన అమానత్ కనుక ఇది చిన్న ప్రశ్న కాదు.

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉంది. ఒక బాలుడు మేక చర్మం ఒలుస్తుండగా దైవప్రవక్త (స) అటుగా వెళ్లారు. కాస్త జరిగితే చూపిస్తానని చెప్పి, చర్మానికీ మాంసానికీ మధ్య చంక దాకా చేయి దూర్చి చూపించారు. ఇలా ఒలవమని చెప్పి నమాజుకు వెళ్లిపోయారు. గమనించండి, ఆయన పని నేర్పారే గాని లాక్కోలేదు. మిగతా పని బాలునికే వదిలారు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు సేవ చేసినా, ఎందుకిలా చేశావని ఆయన ఒక్కసారైనా విసుక్కోలేదు.

కాబా నిర్మించమన్న ఆదేశం హజ్రత్ ఇబ్రాహీం (అలై)కు వచ్చింది. ఆయన కుమారుణ్ణి సహాయం అడిగారు. ఇస్మాయీల్ (అలై) రాళ్లు అందించారు, తండ్రి గోడ కట్టారు.

మన వరంగల్‌లో 1959లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాలలో, అంటే నేటి ఎన్.ఐ.టి.లో, బిడ్డకు సీటు రావాలని దుఆ చేస్తాము. మంచిదే. కాని అదే బిడ్డ చేతికి గ్రీజు అంటితే, "మెకానిక్ అవుతావా?" అని కసురుతాము. ఆ మాట హలాల్ సంపాదనను అవమానిస్తుంది. హజ్రత్ దావూద్ (అలై) ఇనుముతో కవచాలు చేశారు. మన ప్రవక్త (స) తన చెప్పులు తానే కుట్టుకునేవారు. కనుక కూతురికి కూడా ఈ పనులు నేర్పాలి.

అయితే ప్రాణాపాయమున్న చోట ప్రయోగాలు తగవు. బ్రేకులు, గ్యాస్, కరెంటు పనులు తెలిసినవారికే అప్పగించండి. వారు చేస్తుంటే పిల్లల్ని పక్కన నిలబెట్టి చూపించండి. కారు టైరు మార్చేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాయి అడ్డుపెట్టి, జాకీ ఎత్తకముందే నట్లు కొంచెం వదులు చేయాలని ముందుగా చెప్పండి. జాకీ మీదున్న కారు కిందికి ఎవరినీ దూరనివ్వకండి. ఆ తర్వాత పానా పిల్లలకివ్వండి.

బోల్టు మర చెడితే బజారులో మరొకటి దొరుకుతుంది. చేతకానివాడివన్న మాట మాత్రం పిల్లల మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

అజాన్ వినబడితే పని ఆపండి. చర్మానికి నీరు తగలనివ్వని గ్రీజు పొరను తొలగించాకే వుజూ చేయాలని, ఉత్త మరక మిగిలితే ఫర్వాలేదని అప్పుడే నేర్పండి. ఇదీ తర్బియతే.

అల్లాహ్ మనకు సహనాన్ని, మన సంతానానికి పనిచేసే చేతుల్ని ప్రసాదించుగాక! ఆమీన్.