మతం వెతికిన రాజు

మతం మనలో చాలామందికి పుట్టుకతోనే వస్తుంది. పెద్దయ్యాక, పెళ్లి సంబంధాలు చూసినట్టు మతాలను చూసినవాడు కీవ్ రాజు వ్లాదిమిర్. అక్కడి పాత చరిత్ర గ్రంథం చెప్పే ముచ్చట ఇది.

986లో ఒక్కో మతంవాళ్లు వరుసగా ఆయన కొలువుకు వచ్చారట. వోల్గా తీరపు ముస్లింలు మద్యం కూడదనగానే రాజు దిగులుపడ్డాడు, తాగకపోతే మావాళ్లకు సంతోషమెక్కడిదన్నాడు. జర్మనీవాళ్లు ఉపవాసాల మాటెత్తితే మా పెద్దలు ఒప్పుకోలేదన్నాడు. ఖజార్ యూదులను మీ దేశమేదని అడిగాడు. గ్రీకు పండితుడు సృష్టి మొదలు తుది తీర్పు దాకా ఏకరువు పెట్టాడు. రాజు అంతా ఓపిగ్గా విని, ఇంకొంచెం ఆగుతానన్నాడు!

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగిందే. తమదాన్ని ఎవరూ తెగడరు కదా అని పెద్దలు సలహా ఇస్తే, పదిమందిని పంపి, ఎవరు దేవుణ్ని ఎలా కొలుస్తున్నారో కళ్లారా చూసి రమ్మన్నాడు. కాన్‌స్టాంటినోపుల్‌ గ్రీకుల ఆరాధన చూసినవాళ్లకు తామున్నది భూమ్మీదో స్వర్గంలోనో తెలియలేదట.

988 ప్రాంతంలో వ్లాదిమిర్ బాప్తిస్మం తీసుకున్నాడు. బైజాంటిన్ చక్రవర్తి చెల్లెలు అన్నాతో పెళ్లి కోసం కూడానని చరిత్రకారులంటారు, నిజమే. అయినా ఎదుటివాళ్ల గుడికి వెళ్లి చూసి రమ్మన్న ఆ మాటంటే నాకెంతో గౌరవం.